పండగ సేల్‌లో హెవీ గ్రిప్పర్ కొంటున్నారా? అంకె చూసి కొనకండి

మా జిమ్‌కి వచ్చే ఒక కుర్రాడు ఇప్పుడు తడి తువ్వాలు పిండలేకపోతున్నాడు. బైక్ క్లచ్ నొక్కితే మోచేయి లోపలివైపు చురుక్కుమంటోందట. ఫిజియోథెరపిస్ట్ కొన్ని వారాల పాటు గ్రిప్పర్ (చేతి పట్టు పెంచుకోవడానికి పిడికిట్లో నొక్కే రెండు హ్యాండిల్స్ స్ప్రింగ్), పులప్స్, డెడ్‌లిఫ్ట్ అన్నీ బంద్ పెట్టమన్నారు. అతను బద్ధకస్తుడూ కాదు, కొత్తవాడూ కాదు. రెండేళ్లుగా క్రమం తప్పకుండా వస్తున్నాడు.

జరిగింది ఇది. అతని దగ్గర ‘250 పౌండ్లు’ అని ముద్ర ఉన్న ఒక చవక స్టీల్ గ్రిప్పర్ ఉంది. దాన్ని వరుసగా పది సార్లు మూసేస్తాడు. సేల్‌లో కెప్టెన్స్ ఆఫ్ క్రష్ అనే వేరే కంపెనీ సిరీస్‌లోని నంబర్ 2.5 గ్రిప్పర్ కనిపించింది. దాని రేటింగ్ 237.5 పౌండ్లు. ‘250 మూస్తున్నాం, 237 ఎంత’ అనుకుని ఆర్డర్ పెట్టాడు. వచ్చాక చూస్తే అది సగం కూడా మూసుకోలేదు. పరువు సమస్య అయిపోయింది. రెండో చెయ్యి సాయంతో మూసేయడం, ఆ చెయ్యి తీసేసి ఒంటి చేత్తో బిగబట్టి ఆపడం. రోజూ ఇదే పని. మూడో వారానికి మోచేయి చెప్పేసింది.

2023లో ప్రో పంజా లీగ్ (పంజా అంటే ఆర్మ్ రెజ్లింగ్) మొదలై, అందులో కిరాక్ హైదరాబాద్ జట్టు కూడా ఆడాక, మన దగ్గర పంజా మీద, దాంతోపాటు గ్రిప్పర్ల మీద మోజు బాగా పెరిగింది. మంచిదే. కానీ నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ భాగం ఒకే తప్పు నుంచి వచ్చాయి: గ్రిప్పర్ మీద ఉన్న అంకెను బరువు అనుకోవడం. వార్మప్ చేయండి, నీళ్లు తాగండి లాంటివి ఇక్కడ రాయను. అవి మీకు తెలుసు.

అంకెల సంగతి

కిరాణా కొట్లో తూనిక రాయికి ప్రభుత్వ ముద్ర ఉంటుంది. ఏ ఊళ్లో కొన్నా కిలో అంటే కిలోనే. గ్రిప్పర్‌కి అలాంటి ముద్ర ఏదీ లేదు. ఎవరి కొలత వాళ్లది. కొందరైతే కొలవకుండానే వేస్తారని నా అనుమానం.

గ్రిప్పర్‌లో ఉండేది మెలిపడే స్ప్రింగ్. మూసేకొద్దీ అది ఎదురు తిరుగుతుంది. మొదటి సగం సులువుగా వస్తుంది, చివరి కొన్ని మిల్లీమీటర్లు ప్రాణం తీస్తాయి. పైగా సరిగ్గా ఆ చోటే మన వేళ్లు పూర్తిగా ముడుచుకుని బలహీనంగా ఉంటాయి, చిటికెన వేలి మీద భారం పడుతుంది. కాబట్టి ‘200 పౌండ్లు’ అంటే మొదట అడగాల్సింది ఎక్కడ కొలిచారని. హ్యాండిల్ చివర కొలిచారా, మధ్యలోనా? పూర్తిగా మూసుకున్నప్పుడా, సగంలోనా? కొలిచే చోటు స్ప్రింగ్‌కి దగ్గరైతే అంకె పెద్దదవుతుంది, దూరమైతే చిన్నదవుతుంది. గ్రిప్పర్ మాత్రం అదే.

కెప్టెన్స్ ఆఫ్ క్రష్‌నే తీసుకోండి. కాలిఫోర్నియాలోని ఐరన్‌మైండ్ 1990 నుంచి అమ్ముతున్న సిరీస్ ఇది. గ్రిప్పర్లు ఆడేవాళ్లందరూ కష్టాన్ని దీంతోనే పోల్చి చెబుతారు. ట్రైనర్ 100 పౌండ్లు, నంబర్ 1 అంటే 140, నంబర్ 2 అంటే 195, నంబర్ 3 అంటే 280, నంబర్ 4 అంటే 365. మధ్యలో 1.5, 2.5, 3.5 ఉన్నాయి. ఇవి ఆ కంపెనీ సొంత పద్ధతిలో ఇచ్చిన అంకెలు. పోటీలు ఆడేవాళ్లు ఇంకోలా కొలుస్తారు. ఒక హ్యాండిల్‌ని వైస్‌లో (వర్క్‌షాపుల్లో వస్తువుని కదలకుండా పట్టే బిగింపు) బిగించి, రెండో హ్యాండిల్ చివర పట్టీ వేసి, రెండూ తాకేదాకా బరువు వేలాడదీస్తారు. అలా కొలిస్తే నంబర్ 3 సుమారు 150 పౌండ్ల దగ్గర తేలుతుంది. 280 ఎక్కడ, 150 ఎక్కడ! కంపెనీ అబద్ధం చెప్పిందని కాదు, రెండు కొలతలూ వేరు. అంతెందుకు, ఒకే నంబర్ ఉన్న రెండు గ్రిప్పర్లు వేలాడదీస్తే వాటి మధ్యే కొన్ని పౌండ్ల తేడా వస్తుంది.

హెవీ గ్రిప్స్ అనే ఇంకో సిరీస్ 100 నుంచి 350 పౌండ్ల దాకా యాభై యాభై పెరుగుతూ పోతుంది. అందులో 300 మూసి, ‘నంబర్ 3 మూసేసినట్టే, అది 280 కదా’ అనుకునేవాళ్లు చాలామంది. రెండూ పట్టుకుని చూసినవాళ్లు నంబర్ 3 దగ్గరే ఆగిపోతారు. ఇక డయల్ తిప్పి 5 నుంచి 60 కిలోల దాకా పెంచుకునే ప్లాస్టిక్ గ్రిప్పర్ల సంగతి సరేసరి. వాటి స్ప్రింగ్ వేరు, లాగే తీరు వేరు. అందులో 60 కిలోలు యాభై సార్లు నొక్కే మనిషి లెక్కేసుకుంటాడు: నంబర్ 1 అంటే 140 పౌండ్లు, అంటే 63 కిలోలు, మూడు కిలోలే తేడా. ఆ మూడు కిలోల లెక్కతో కొన్నవాళ్లలో తొలిరోజే నంబర్ 1 మూసినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. ఆసుపత్రిలో పట్టు కొలిచే డైనమోమీటర్‌లో 60 కిలోలు చూపించినా అంతే, దాన్ని గ్రిప్పర్‌కి అతికించకండి.

అంకెను పేరులా చూడండి, బరువులా కాదు.

ఒకే కంపెనీలో కూడా ఒక మలుపు ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. నంబర్ 1 నుంచి 1.5కి 27.5 పౌండ్లు, 1.5 నుంచి 2కి మళ్లీ 27.5. అక్కడి నుంచి ప్రతి అర నంబరుకీ 42.5. అంటే 2 దాటాక మెట్టు ఎత్తు ఒకటిన్నర రెట్లు. ‘1.5 నుంచి 2కి నాలుగు నెలల్లో వెళ్లాను, 2.5కి ఇంకో నాలుగు నెలలు’ అనే లెక్క ఇక్కడే తప్పుతుంది. చేతులు పాడుచేసుకునేవాళ్లు ఎక్కువగా ఈ 2కీ 2.5కీ మధ్యే దొరుకుతారు.

కొనే ముందు

ఇప్పుడు మీ దగ్గరున్న గ్రిప్పర్ ఏ కంపెనీదో, తర్వాతది కూడా ఆ కంపెనీదే కొనండి. కంపెనీ మారుస్తుంటే మీ స్థాయి కన్నా ఒక మెట్టు కింద మొదలుపెట్టండి. డబ్బు దండగ అనిపిస్తుంది. ఆ తేలిక గ్రిప్పర్ వార్మప్‌కి జీవితాంతం పనికొస్తుంది, దండగ కాదు.

పై మెట్టుకి వెళ్లొచ్చో లేదో చెప్పేది మీరు మూసే తీరు. పరీక్ష సులువు. రెండు హ్యాండిల్స్ చివర్ల మధ్య క్రెడిట్ కార్డు పొట్టి అంచు, అంటే సుమారు 54 మిల్లీమీటర్లు, పట్టేంత ఖాళీ ఉంచి అక్కడి నుంచి మూయండి. నంబర్ 3, ఆ పైవాటిని మూసినవాళ్లకి ఐరన్‌మైండ్ ఇచ్చే సర్టిఫికేషన్‌లో ఉన్న నియమం ఇదే. రెండో చేత్తో హ్యాండిల్స్‌ని బాగా దగ్గరకి నొక్కి, అరచేతిలో సర్దుకుని, అక్కడి నుంచి మూస్తే అది వేరే ఆట. వీడియోల్లో ‘నంబర్ 3 మూశా’ అనేవాళ్లు ఎక్కడి నుంచి మొదలుపెట్టారో ఆపి చూడండి. కార్డు ఖాళీ నుంచి హ్యాండిల్స్ టక్కున తాకేలా వరుసగా ఎనిమిది పది సార్లు, అదీ వేర్వేరు రోజుల్లో మూయగలిగితే పై అర నంబర్ కొనండి. ఒకసారి పళ్లు బిగించి మూస్తే లెక్కలోకి రాదు.

పెద్ద నంబర్లు ఎంత దూరమో తెలియాలంటే ఇది గుర్తుంచుకోండి. నంబర్ 3కి మొదటి సర్టిఫికేట్ 1991లో రిచర్డ్ సోరిన్‌కి వచ్చింది. నంబర్ 4కి మొదటి మనిషి జో కిన్నీ, 1998లో. గ్రిప్పర్లే లోకంగా బతికేవాళ్లకే ఆ ఒక్క మెట్టుకి ఏడేళ్లు పట్టింది. నంబర్ 4 జాబితా ఇప్పటికీ చాలా చిన్నది. ‘షోకేస్‌లో ఉంటుందిలే’ అని నంబర్ 4 కొంటారు. షోకేస్‌లో ఉండదు. వచ్చిన ప్రతి స్నేహితుడూ నొక్కి చూస్తాడు.

చేతి సైజు కూడా చూడండి. స్ప్రింగ్ ఒకేలా ఉన్నా హ్యాండిల్స్ మధ్య దూరం ఎక్కువుంటే పొట్టి వేళ్లవాళ్లకి మొదటి సగమే నరకం.

ఆఫర్ ఈ రాత్రితో ఆఖరు అని రాసి ఉంటుంది. అయిపోనివ్వండి.

నొక్కేటప్పుడు

వేళ్లను ముడిచే కండరాల్లో కొన్ని మోచేయి లోపలివైపున్న ఎముక బుడిపె దగ్గర మొదలవుతాయి. కండరం నెలల్లో బలపడుతుంది. దాన్ని ఎముకకి పట్టి ఉంచే స్నాయువు అంత తొందరగా బలపడదు. వేళ్లు ‘ఇంకా నొక్కగలను’ అంటున్న రోజుల్లోనే మోచేయి వెనకబడి ఉంటుంది. అక్కడ పుట్టే నొప్పినే డాక్టర్లు గోల్ఫర్స్ ఎల్బో అంటారు. గోల్ఫ్ కర్ర ముట్టుకోనివాళ్లకీ వస్తుంది. మీ చేత్తో మూయలేని గ్రిప్పర్‌ని రెండు చేతులతో మూసి ఒంటి చేత్తో ఆపడం, అంటే నెగటివ్స్, ఆ స్నాయువు మీద పడే భారాల్లో చాలా పెద్దది. అనుభవం ఉన్నవాళ్లు కూడా వాటిని మందులా కొద్దికొద్దిగా వాడతారు. అంకె చూసి తప్పు గ్రిప్పర్ కొన్నవాడికి మాత్రం నెగటివ్స్ తప్ప ఇంకో దారి ఉండదు. తప్పు గ్రిప్పర్ ఇంట్లో ఉంటే దెబ్బ కూడా ఇంట్లో ఉన్నట్టే అని నేను అనేది అందుకే.

భారీ గ్రిప్పర్ వారానికి రెండు రోజులు, మహా అయితే మూడు. వరుస రోజులు వద్దు. డెడ్‌లిఫ్ట్, పులప్స్, పంజా ప్రాక్టీస్ ఉన్న రోజు కూడా చేతికి గ్రిప్పర్ రోజు కిందే లెక్క.

బిగబట్టేటప్పుడు ఊపిరి ఆపకండి. ఇలా బిగబట్టి పట్టే పనుల్లో బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. బీపీ ఉన్నవాళ్లు, గుండె మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా హెవీ గ్రిప్పర్ జోలికి వెళ్లకండి. డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా (రక్తనాళాలను కలిపే ఆపరేషన్) పెట్టించుకున్నవాళ్లకి మెత్తని బంతి నొక్కమని చెబుతారు. బంతి వేరు, ఇది వేరు. ఆ చేత్తో ఇది వద్దే వద్దు.

ఇక మిగతావి. కారణాలు కొన్నిటికే చెబుతాను.

– ఉంగరాలు తీసేయండి.

– టాల్కం పౌడర్, క్యారమ్ బోర్డ్ పౌడర్ రాసుకోకండి, అవి జారడానికి. జిమ్‌లో వాడే చాక్ వాడండి.

– స్ప్రింగ్ చుట్ట దగ్గర ఒక చుక్క నూనె చాలు. హ్యాండిల్‌కి అంటితే తుడిచేయండి.

– కొత్త గ్రిప్పర్ మొదట్లో కాస్త బిగువుగా ఉండి తర్వాత సర్దుకుంటుంది. సర్దుకోవాలని తాడుతో కట్టేసి రాత్రంతా వదిలేయకండి.

– స్ప్రింగ్ మీద పగులు గీత కనిపించినా, హ్యాండిల్ వదులైనా చెత్తబుట్టలో వేయండి. రిపేర్ చేయకండి.

– బండి నడుపుతూ నొక్కకండి. ఆఫీస్ మీటింగ్‌లో హెవీ గ్రిప్పర్ వద్దు, లెక్క తెలియకుండా వందలు అయిపోతాయి.

– అరచేతి చర్మం చిట్లితే మానేదాకా ఆపండి. టేప్ చుట్టుకుని హీరోలా కొనసాగించకండి.

– వేళ్లను తెరిచే పని కూడా చేయండి. వేళ్ల చుట్టూ లావు రబ్బరు బ్యాండ్ వేసి విప్పండి. ప్రతి గ్రిప్పర్ రోజూ.

– జిమ్‌లో పందెం కాయకండి. పందెంలో అందరూ చూసేది అంకెనే.

– స్నేహితుడు ‘నాది 300’ అంటే ఏ 300 అని అడగండి. కంపెనీ పేరు చెప్పలేకపోతే ఆ మాట అక్కడితో వదిలేయండి.

– పిల్లలకి అందకుండా పెట్టండి. వేలు స్ప్రింగ్‌లో పడితే నలిగిపోతుంది.

– వేలు ముడిచాక తెరుచుకోకుండా బిగుసుకుపోతోందా? ఆపండి. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయా? ఆపండి. నొక్కుతుండగా టక్కుమని వాపు వచ్చిందా? ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి, ఈరోజే. నాటు కట్టు వద్దు, ‘నరం పట్టింది’ అని మర్దన వద్దు.

– మోచేయి లోపలి బుడిపె వేలితో నొక్కితే నొప్పి ఉందా? ఉన్న రోజు గ్రిప్పర్ ముట్టుకోకండి. పెయిన్ కిల్లర్ వేసుకుని అసలే వద్దు.

– తప్పు గ్రిప్పర్ ఇప్పటికే వచ్చేసిందా? రిటర్న్ గడువు ఉంటే పంపేయండి. లేకపోతే అమ్మేయండి, లేదా బీరువాలో పెట్టి తాళం వేయండి. ‘మెల్లగా అలవాటవుతుంది’ అనకండి. సగం కూడా మూయలేని గ్రిప్పర్ అలవాటు కాదు.

– ఒకసారి దెబ్బ తగిలి తిరిగి మొదలుపెట్టేవాళ్లు పాత నంబర్ దగ్గర మొదలుపెట్టకండి. అదే కంపెనీలో రెండు మెట్లు దిగండి. మరీ సులువుగా ఉందనిపించినా కొన్ని వారాలు అక్కడే ఉండండి.