ట్యూబ్ ఆంప్లిఫయర్ నిర్మాణం, 7వ పాఠం: జాక్‌లు, స్విచ్‌లు, పాట్‌ల దగ్గర చిన్న ఏర్పాట్లు

ఆరో పాఠం అయ్యేసరికి మీ బల్ల మీద ఒక చానెల్ ఆంప్ పనిచేస్తూ ఉండాలి: ముందు రెండు 12ఏఎక్స్7లు (సిగ్నల్‌ను పెంచే చిన్న ట్యూబ్‌లు), వెనక జతగా ఈఎల్34లు లేదా 6ఎల్6జీసీలు (స్పీకర్‌ను నడిపే పవర్ ట్యూబ్‌లు), సుమారు 450 వోల్టుల హెచ్‌టీ (ట్యూబ్‌లకిచ్చే అధిక డీసీ వోల్టేజీ). శబ్దం బాగానే వస్తోంది. అయినా దాన్ని గిటారిస్టు చేతికిస్తే కాసేపట్లోనే ఫిర్యాదులు మొదలవుతాయి. కేబుల్ పీకితే బుస్సుమంటోంది, స్విచ్ వేస్తే ఢబ్బుమంటోంది, వాల్యూమ్ ఒకటి మీద పెట్టినా చెవులు గింగురుమంటున్నాయి. వీటిలో ఏదీ పెద్ద తప్పు కాదు. మనిషి చేయి తగిలే ప్రతి చోటా ఒకటి రెండు చిన్న భాగాలు తక్కువయ్యాయి, అంతే. ఈ పాఠంలో వాటిని ఒక్కొక్కటిగా పెడదాం.

బ్లీడర్

బ్లీడర్ అంటే ఆంప్ ఆపాక కెపాసిటర్లలో మిగిలిన చార్జిని దించేసే రెసిస్టర్. చాసిస్‌లో (ఆంప్ లోహపు పెట్టెలో) పదేపదే చేయి పెట్టాలి కాబట్టి మొదటి పని ఇదే. ట్యూబ్‌లు వేడిగా ఉండగా ఆంప్ ఆపితే ఫిల్టర్ కెపాసిటర్లలోని చార్జి ట్యూబ్‌ల గుండానే చాలావరకు దిగిపోతుంది. ట్యూబ్‌లు పీకి పరీక్షించినప్పుడు ఆ దారి ఉండదు. ప్లగ్ తీసి ఎంతసేపైనా 450 వోల్టులు అలాగే కూర్చుని ఉంటాయి.

100 కిలో ఓమ్, 2 వాట్ల రెసిస్టర్లు రెండింటిని వరుసగా కలిపి మొదటి ఫిల్టర్ కెపాసిటర్ ప్లస్ నుంచి గ్రౌండ్‌కు వేయండి. 220 కిలో ఓమ్‌ది ఒక్కటే వేయొచ్చు కదా అంటే వేయొచ్చు, కానీ రెసిస్టర్‌కు వాట్లతో పాటు వోల్టేజీ పరిమితి కూడా ఉంటుంది. 350 వోల్టుల పరిమితి ఉన్నది 450 కింద ఏళ్ల తరబడి నిలవదు. రెండు వేస్తే ఒక్కోదాని మీద 225 వోల్టులే పడతాయి, ఒక్కోటి అర వాటు మాత్రమే ఖర్చు చేస్తుంది. మొత్తం ఫిల్టర్ కెపాసిటెన్స్ 100 మైక్రోఫారడ్‌లైతే టైమ్ కాన్‌స్టంట్ (వోల్టేజీ సుమారు 37 శాతానికి దిగే సమయం) 20 సెకన్లు. అంటే 450 నుంచి 50 వోల్టులకు దిగడానికి సుమారు 44 సెకన్లు, 20 వోల్టులకు దిగడానికి ఒక నిమిషం పైచిలుకు.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. స్టాండ్‌బై స్విచ్ (ట్యూబ్‌లను వేడిగా ఉంచి హెచ్‌టీని మాత్రం ఆపేది) మొదటి కెపాసిటర్‌కూ మిగతావాటికీ మధ్యలో ఉంటే, ఆ స్విచ్ తెరిచి ఉన్నప్పుడు బ్లీడర్ ఒక పక్కనే ఖాళీ చేస్తుంది. రెండో పక్కన కూడా ఇలాంటి జత పెట్టాలి. బ్లీడర్ ఉంది కదా అని కొలవకుండా చేయి పెట్టకూడదు, అది కూడా తెగిపోవచ్చు. మీటర్ నల్ల క్లిప్‌ను చాసిస్‌కు తగిలించి, ఒక చేయి జేబులో పెట్టుకుని, ప్రతి ఫిల్టర్ కెపాసిటర్‌నూ కొలవండి. 20 వోల్టుల లోపు చూపేదాకా ఆగండి.

ఇన్‌పుట్ జాక్

కేబుల్ లేనప్పుడు ఆంప్ మౌనంగా ఉండాలంటే స్విచ్ ఉన్న జాక్ కావాలి. ప్లగ్ లేనప్పుడు టిప్ పలకకు (ప్లగ్ మొనను తాకే రేకుకు) ఆనుకుని ఉండే చిన్న రేకును గ్రౌండ్‌కు కలపండి. ప్లగ్ దూరగానే టిప్ పలక పైకి లేచి ఆ రేకును వదిలేస్తుంది. టిప్ నుంచి గ్రౌండ్‌కు 1 మెగా ఓమ్ ఎలాగూ ఉంటుంది. ప్లగ్ పెట్టినా శబ్దం రాకపోతే, లేదా గరగరమంటూ వచ్చిపోతుంటే, ముందు అనుమానించాల్సింది ఆ రేకునే. అది వంగి టిప్ పలకను వదలట్లేదేమో చూడండి.

టిప్ నుంచి మొదటి ట్యూబ్ గ్రిడ్‌కు (సిగ్నల్ లోపలికి వెళ్లే కాలుకు) వెళ్లే దారిలో పాత సర్క్యూట్లన్నిటా 68 కిలో ఓమ్ కనిపిస్తుంది. 12ఏఎక్స్7లో గ్రిడ్‌కూ ప్లేట్‌కూ (పెరిగిన సిగ్నల్ బయటికొచ్చే కాలుకూ) మధ్య 1.7 పికోఫారడ్‌లే ఉన్నా, ఆ దశ సుమారు 60 రెట్లు పెంచుతుంది కాబట్టి గ్రిడ్ దగ్గర అది 100 పికోఫారడ్‌లు దాటి కనిపిస్తుంది. 68 కిలో ఓమ్‌తో కలిసి అది 20 కిలోహెర్ట్జ్‌కు కాస్త పైన కోత మొదలుపెడుతుంది. గిటార్ స్వరానికి నష్టం లేదు, రేడియో స్టేషన్లు మాత్రం లోపలికి రావు. కానీ రెసిస్టర్ పెద్దదైతే దాని సొంత హిస్ (బుస్సుమనే శబ్దం) కూడా పెరుగుతుంది. 20 కిలోహెర్ట్జ్ పరిధిలో 68 కిలో ఓమ్ హిస్ సుమారు 4.7 మైక్రోవోల్టులు, 10 కిలో ఓమ్‌ది 1.8. ఎక్కువ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే రెట్లు) ఉన్న ఆంప్ కడుతుంటే 10 నుంచి 33 కిలో ఓమ్ మేలు.

విలువ కన్నా స్థానం ముఖ్యం. రెసిస్టర్‌ను జాక్ దగ్గర టంకం వేసి అక్కణ్ణుంచి పొడుగు వైరు లాగితే, రెసిస్టర్ దాటిన ఆ వైరే యాంటెనా అవుతుంది. రెసిస్టర్ కాలు నేరుగా సాకెట్‌లో 2వ పిన్‌కు తగలాలి. కాలు పొడవు సెంటీమీటర్ మించనివ్వకండి.

బూస్ట్ స్విచ్, దాని ఢబ్బు శబ్దం

మొదటి దశలో ప్లేట్ రెసిస్టర్ 100 కిలో ఓమ్, కాథోడ్ (ఎలక్ట్రాన్లు వెలువడే కాలు) రెసిస్టర్ 1.5 కిలో ఓమ్. కాథోడ్‌కు 25 మైక్రోఫారడ్‌ల బైపాస్ కెపాసిటర్ ఉంటే గెయిన్ సుమారు 60, లేకపోతే సుమారు 32. అంటే ఆ ఒక్క కెపాసిటర్‌ను స్విచ్‌తో కలిపి విడదీస్తే దాదాపు 6 డెసిబెల్‌ల తేడా. సోలో మొదలుపెట్టే ముందు వేసుకోవడానికి సరిగ్గా సరిపోయే బూస్ట్ ఇది. 25కు బదులు 0.68 మైక్రోఫారడ్ వేస్తే బాస్ అలాగే ఉండి మధ్య, పై స్వరాలే పైకొస్తాయి. డిస్టార్షన్‌తో వాయించేవాళ్లకు అదే నచ్చుతుంది, ఎందుకంటే కింది స్వరాలు ముద్ద కావు.

కెపాసిటర్‌ను కాథోడ్ నుంచి స్విచ్ ద్వారా గ్రౌండ్‌కు కలిపి ఊరుకుంటే స్విచ్ వేసిన ప్రతిసారీ స్పీకర్ ముందుకు దూకుతుంది. కాథోడ్ దగ్గర సుమారు 1.3 వోల్టులు ఉంటాయి. ఖాళీగా ఉన్న కెపాసిటర్ ఒక్కసారిగా వచ్చి కలిస్తే కాథోడ్ క్షణంపాటు సున్నాకు పడిపోతుంది, ట్యూబ్‌లో కరెంటు ఎగబాకుతుంది, ప్లేట్ వోల్టేజీ పదుల వోల్టులు కిందికి జారుతుంది. తర్వాతి దశలు ఆ జారుడును కూడా సంగీతమే అనుకుని పెంచేస్తాయి.

పరిష్కారం ఒక్క రెసిస్టర్. కెపాసిటర్‌కూ స్విచ్‌కూ మధ్య ఉన్న బిందువు నుంచి గ్రౌండ్‌కు, అంటే స్విచ్‌కు సమాంతరంగా, దాన్ని వేయండి. స్విచ్ తెరిచి ఉన్నా కెపాసిటర్ దాని గుండా చార్జి అయి సిద్ధంగా ఉంటుంది. స్విచ్ మూసినప్పుడు రెండు పక్కలా ఒకే వోల్టేజీ కాబట్టి ఏమీ దూకదు.

విలువ దగ్గరే చాలా సర్క్యూట్లు పొరపాటు పడతాయి. అందరూ 1 మెగా ఓమ్ వేస్తారు. 0.68 ఫిల్మ్ కెపాసిటర్‌కు అది బాగానే పనిచేస్తుంది. 25 మైక్రోఫారడ్‌ల ఎలెక్ట్రోలిటిక్‌కు పనిచేయదు. ఒకటి, చార్జి కావడానికి టైమ్ కాన్‌స్టంటే 25 సెకన్లు. రెండు, ఎలెక్ట్రోలిటిక్ కొద్దిగా లీకవుతుంది. 1 మైక్రో ఆంపియర్ లీకైనా మెగా ఓమ్ మీద 1 వోల్టు పడుతుంది, కాథోడ్‌లో ఉన్నదే 1.3, ఇక కెపాసిటర్‌కు మిగిలేది ఎంత? దానికి 100 కిలో ఓమ్ వేయండి. పడేది 0.1 వోల్టే, చార్జి రెండున్నర సెకన్లలో చాలావరకు పూర్తవుతుంది. 1.5 కిలో ఓమ్ పక్కన 100 కిలో ఓమ్ ఉన్నా గెయిన్‌లో తేడా వినబడదు. అప్పటికీ ఢబ్బుమంటే కెపాసిటర్ మార్చండి, స్విచ్ కాదు.

బ్రైట్ కెపాసిటర్

వాల్యూమ్ పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్) పై కాలుకూ మధ్య కాలుకూ మధ్య వేసే చిన్న కెపాసిటర్ ఇది. ఫెండర్ బ్లాక్‌ఫేస్ ఆంప్‌లలో ఇది 120 పికోఫారడ్‌లు, స్విచ్‌తో. మార్షల్ సూపర్ లీడ్‌లు చాలావాటిలో 5000 పికోఫారడ్‌లు, స్విచ్ లేకుండా. రెండూ ఒకే చోట కూర్చున్నా చేసే పని వేరు.

1 మెగా ఓమ్ పాట్‌ను తక్కువలో పెట్టి, వైపర్ (కదిలే మధ్య కాలు) కింద 100 కిలో ఓమ్, పైన 900 ఉన్నాయనుకోండి. 120 పికోఫారడ్‌లతో సుమారు 1.5 కిలోహెర్ట్జ్ నుంచి ఎక్కుడు (పై స్వరాల పెరుగుదల) మొదలవుతుంది, 5 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 10 డెసిబెల్‌లు. పాట్ సగం విలువకు, అంటే 500కు 500 వచ్చేసరికి అది 4కు తగ్గిపోతుంది. గట్టిగా పెడితే ఆంప్ తనంతట తానే మెత్తబడుతుంది, మెల్లగా పెడితే మొద్దుబారదు. ఇదంతా ఒక చిన్న కెపాసిటర్ చేస్తుంది.

5000తోనైతే ఎక్కుడు 35 హెర్ట్జ్ నుంచే మొదలై 350 దగ్గర ముగుస్తుంది. గిటార్ ఆరో తీగ 82 హెర్ట్జ్. అంటే ఆ పైనున్నదంతా పాట్‌ను చుట్టు దారిలో దాటి వెళ్లిపోతుంది. వాల్యూమ్ ఒకటి మీదే పేలినట్టు ఉండటానికీ, శబ్దం పలుచగా తోచడానికీ కారణం ఇదే. ఆంప్‌ను ఎప్పుడూ ఏడు దాటించి వాయించేవాళ్లకు ఇందులో ఇబ్బంది లేదు. ఇంట్లో వాయించేవాళ్లకు మాత్రం ఇది శిక్ష.

మనం మధ్యలో ఆపే వీలున్న మూడు స్థానాల టాగిల్ పెడదాం: ఒక పక్క 47, మధ్యలో ఏమీ లేదు, రెండో పక్క 120 పికోఫారడ్. 47తో పైన చెప్పిన తక్కువ స్థానంలో 5 కిలోహెర్ట్జ్ దగ్గర 4 డెసిబెల్‌ల పైచిలుకు వస్తుంది, మందమైన హంబకర్‌లకు (రెండు చుట్టల గిటార్ పికప్‌లకు) అది చాలు. సిల్వర్ మైకా లేదా 500 వోల్టుల సిరామిక్ వాడండి. ఈ స్విచ్‌కు డీసీ తగలదు కాబట్టి శబ్దం రాకూడదు. టక్కుమన్నా, పాట్ తిప్పితే బరబరమన్నా, పాట్ పై కాలు దగ్గర డీసీ కొలవండి. 0.1 వోల్టు దాటితే దాని ముందున్న కప్లింగ్ కెపాసిటర్ (డీసీని ఆపి సిగ్నల్‌నే పంపేది) లీకవుతోంది. పాట్‌లో క్లీనర్ కొట్టి ప్రయోజనం లేదు.

స్టాండ్‌బై స్విచ్ సంగతి క్లుప్తంగా: ఈ స్థాయి వోల్టేజీలో ట్యూబ్‌లను కాపాడటానికి దాని అవసరం లేదు. గిటారిస్టు దాన్ని నిజానికి మ్యూట్‌గా వాడుకుంటాడు. అదే కావాలంటే ఫేజ్ ఇన్వర్టర్ (సిగ్నల్‌ను రెండు వ్యతిరేక రూపాలుగా పవర్ ట్యూబ్‌లకిచ్చే దశ) కప్లింగ్ కెపాసిటర్‌కు ముందు సిగ్నల్‌ను గ్రౌండ్ చేసే స్విచ్ పెట్టండి. కెపాసిటర్ దాటాక పెట్టకండి, లాంగ్ టెయిల్డ్ రకం ఇన్వర్టర్ గ్రిడ్ డీసీ మీద ఉంటుంది.

స్పీకర్ జాక్

ఇక్కడా స్విచ్ ఉన్న జాకే, కానీ కారణం వేరు. స్పీకర్ లేకుండా వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో (ట్యూబ్‌ల వైపు చుట్టలో) వోల్టేజీ ఎగిసి సాకెట్ పిన్‌ల మధ్య మెరుపు రావచ్చు, చుట్ట కాలిపోవచ్చు. ప్లగ్ లేనప్పుడు సెకండరీ (స్పీకర్ వైపు చుట్ట) షార్ట్ అయ్యేలా కలపండి. ట్యూబ్ ఆంప్‌కు కొద్దిసేపటి షార్ట్ కన్నా ఓపెన్ ఎక్కువ ప్రమాదం. దీనికి తోడు సెకండరీకి అడ్డంగా 470 ఓమ్, 5 వాట్లది ఒకటి ఉంచండి, స్పీకర్ కేబుల్ మధ్యలో తెగినా కొంత ఆసరా ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ జాక్‌కు మాత్రం షార్ట్ చేసే జాక్ వాడకూడదు, ఆ జాక్ ఖాళీగా ఉన్నంతసేపూ ప్రధాన స్పీకర్ కూడా మూగబోతుంది.

బయాస్ కొలిచే చోటు

బయాస్ అంటే సిగ్నల్ లేనప్పుడు ట్యూబ్‌లో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే నెగటివ్ గ్రిడ్ వోల్టేజీ. ప్రతి పవర్ ట్యూబ్ కాథోడ్ నుంచి గ్రౌండ్‌కు 1 ఓమ్, 1 శాతం రెసిస్టర్ వేసి, కాథోడ్ బిందువును వెనక ప్యానెల్ మీది చిన్న టెస్ట్ జాక్‌కు తెండి. పక్కన గ్రౌండ్‌కు నల్లది ఒకటి. మీటర్ చూపే ప్రతి మిల్లీవోల్టూ ఒక మిల్లీ ఆంపియర్. ట్యూబ్‌లు మార్చిన గిటారిస్టు ఇక చాసిస్ విప్పనక్కర్లేదు. 450 వోల్టుల దగ్గర, ప్లేట్ భరించగల వాట్లలో 70 శాతం లెక్కన ఈఎల్34 (25 వాట్లు) జతలో ఒక్కోదానికి 39, 6ఎల్6జీసీ (30 వాట్లు) అయితే 46 మిల్లీ ఆంపియర్లు మించకూడదు. ఈ రీడింగ్‌లో స్క్రీన్ (ట్యూబ్‌లోని రెండో గ్రిడ్) కరెంటు కూడా కలిసి ఉంటుంది కాబట్టి ప్లేట్ వాటా ఇంకాస్త తక్కువే.

బయాస్ పాట్‌ను నెగటివ్ సరఫరా నుంచి గ్రౌండ్‌కు వెళ్లే కింది కాలులో, 27 కిలో ఓమ్ స్థిర రెసిస్టర్‌తో వరుసగా పెట్టండి. పాట్ రెసిస్టెన్స్ పెరిగితే బయాస్ మరింత నెగటివ్ అవ్వాలి. అప్పుడు వైపర్ లేచిపోయినా, కాలు తెగినా ట్యూబ్ చల్లబడుతుందే తప్ప ఎర్రబడదు. గ్రిడ్‌కు వెళ్లే వైరును నేరుగా వైపర్ నుంచి తీసుకుంటే అది తెగిన రోజు బయాస్ పోతుంది, క్షణాల్లో ప్లేట్లు ఎర్రగా మారతాయి.

అభ్యాసం: బూస్ట్ స్విచ్‌కు మొదట 1 మెగా ఓమ్, తర్వాత 100 కిలో ఓమ్ వేసి, స్విచ్ తెరిచి ఉంచి, రెండు సార్లూ 25 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ రెండు కాళ్లు ఒక్కోదాన్నీ గ్రౌండ్‌తో పోల్చి కొలవండి. స్విచ్ వైపు కాలు దగ్గర కనిపించే వోల్టులను రెసిస్టర్‌తో భాగిస్తే లీకేజి ఎంతో తేలుతుంది. 100 మెగా ఓమ్‌ల పైన ఇన్‌పుట్ ఉన్న మీటర్ దొరకకపోతే 1 మెగా ఓమ్ రీడింగ్‌లో మీటర్ ప్రభావాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి, మామూలు మీటర్ ఇన్‌పుట్ 10 మెగా ఓమ్‌లే. ఆ అంకెలు 8వ పాఠంలో, చానెల్ మార్చే ఫుట్‌స్విచ్ కట్టేటప్పుడు, మళ్లీ అవసరమవుతాయి.