గుప్పెడు ఏటి ఇసుకని చదవడం ఎలా

మా నాన్న తాపీ మేస్త్రీ. ఇసుక బండి రాగానే గుప్పెడు తీసి, అరచేతిలో నలిపి, దులిపేసి చెయ్యి చూసుకునేవాడు. చేతికి మట్టి అంటిందా, బండి వెనక్కే. నేను సోషల్ మాస్టారునయ్యాక శిలాశైథిల్యం, క్రమక్షయం అంటూ బోర్డు నిండా రాస్తుంటే పిల్లలు ఆవలించేవారు. ఓ రోజు సుద్దముక్క పక్కన పెట్టేసి అందరినీ మా శ్రీకాకుళంలో నాగావళి ఏటి రేవుకి తీసుకుపోయాను. "ఇసకలో ఏటుంటాది మాస్టారూ?" అన్నాడొకడు. అప్పట్నుంచీ ఏటా వెళ్తున్నాం. మీ పిల్లల్ని మీరూ తీసుకెళ్లొచ్చు, ఖర్చేమీ లేదు.

సంక్రాంతి వెళ్లాక, శివరాత్రి లోపు వెళ్లండి. వానాకాలంలో వద్దే వద్దు. ఈ ఏరు పుట్టింది ఒడిశాలోని కలహండి కొండల్లో. పైన రాయగడ వైపు కుంభవృష్టి పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు పెరిగిపోతుంది. శీతాకాలంలో కూడా ఇసుక తవ్వి వదిలేసిన గోతులతో జాగ్రత్త. పైకి మోకాలి లోతు నీళ్లలాగే కనిపిస్తాయి. ఒకసారి మా ఏడో తరగతి కుర్రాడు అడుగేసి మెడదాకా దిగిపోయాడు, నా తువ్వాలు అందించి లాగాం. ఆ తర్వాత నుంచీ వెదురుకర్రతో నేను ముందు, పిల్లలు వెనక.

పట్టుకెళ్లాల్సినవి: భూతద్దం, నాలుగైదు చిన్న పాలిథిన్ సంచులు, ఒక తెల్ల కాగితం, పెన్సిలు. సంచిలో ఇసుక పోసిన వెంటనే ఎక్కడిది, ఏ రోజుది అని చీటీ రాసి లోపలే వెయ్యండి. మొదటి ఏడు నేను "ఇంటికెళ్లి రాద్దాంలే" అనుకున్నాను. మర్నాడు బల్ల మీద ఏడు పొట్లాలు, ఏది ఎక్కడిదో దేవుడికే ఎరుక.

కోటేశ్వరస్వామి గుడి దగ్గర ఏట్లోకి దిగి, తెల్ల కాగితం మీద చిటికెడు ఇసుక పరిచి భూతద్దం పెట్టండి. గాజుపెంకుల్లా ఉన్నవి క్వార్ట్జ్. పాలతెలుపులోనో లేత గులాబీలోనో మసగ్గా ఉన్నవి ఫెల్డ్‌స్పార్. తళుక్కుమనే రేకులు అభ్రకం, మన కాకిబంగారం. దానిమ్మ గింజ రంగులో అక్కడక్కడా కనిపించేది గార్నెట్. ఆ ఎర్ర గింజ దొరికితే ఆగండి, అసలు కథంతా అందులోనే ఉంది. తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాళ్లలో ఖోండలైట్ ఒకటి. గార్నెట్ అందులో బాగా ఉంటుంది. ఆ రాతికి అక్కడి కోందు గిరిజనుల పేరు పెట్టింది 1902లో, అదీ కలహండి రాళ్లను చూసే. కోణార్క గుడి కట్టిందీ ఈ రాతితోనే. అంటే మీ వేలికొస మీదున్న గింజ, ఎగువనున్న ఆ కొండల నుంచే ఏరు పట్టుకుని మీ దాకా నడిచొచ్చి ఉంటుందన్నమాట. అంచులు ఇంకా గరుకుగా ఉన్నాయేమో చూడండి. ఎక్కువ దూరం దొర్లిన గింజ నున్నబడుతుంది.

తర్వాత చెలమ తవ్వించండి. పిల్లలకి ఇంతకంటే ఇష్టమైన పని లేదు. నీటి అంచుకి పదడుగుల దూరంలో చేతుల్తోనే తోడమనండి. మొదట పొడి ఇసుక, తర్వాత చల్లటి తడి ఇసుక, ఆపైన అడుగున మెల్లగా నీరు ఊరుతుంది. ముందు బురదగా ఉన్నా కాసేపటికి తేరుకుంటుంది. తాగనివ్వకండి, చూడనివ్వండి. ఎన్ని జానల కింద నీరు తగిలిందో కర్రతో కొలిచి నోటుబుక్కులో రాయించండి. భూగర్భజలం అంటే ఏమిటో నేను గంటసేపు చెప్పినా ఎక్కనిది ఆ గొయ్యి చెప్పేస్తుంది. ఇసుకంతా ఎత్తుకుపోతే గింజల మధ్య దాక్కున్న ఈ నీరు ఎక్కడుంటుందని అడగండి. జవాబు మీరు చెప్పకండి. వచ్చే ముందు గొయ్యి పూడ్చడం మాత్రం మరవద్దు.

ఇంటికొచ్చాక సీసా పని. గాజు సీసాలో సగం దాకా ఇసుక, ముప్పావు దాకా నీళ్లు, ఒక చెంచా ఉప్పు వేసి గట్టిగా కుదిపి 3 గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక అడుక్కి, సన్నటి ఒండ్రు దాని పైకి పొరగా చేరుతుంది. ఆ పొర మందం ఇసుక ఎత్తులో నూటికి 8 పాళ్లు దాటితే ఆ ఇసుక కట్టుబడికి పనికిరాదు. నాన్న అరచేత్తో తేల్చింది ఇదే. ఉప్పు ఎందుకంటే, అది బంకమట్టి రేణువుల్ని ముద్దకట్టించి త్వరగా దించుతుంది. ఏటి బురద సముద్రపు ఉప్పునీటిని కలిసేచోట జరిగేదీ అచ్చం ఇలాగే.

మరో ఆదివారం గార మీదుగా కళింగపట్నం వెళ్లండి, వంశధార సముద్రంలో కలిసే చోటుకి. అక్కడ ఒడ్డున నల్లటి చారలు కనిపిస్తాయి. నూనె ఒలికిందేమో అనుకుంటారు పిల్లలు. కాదు, అది బరువైన ఇసుక. అమ్మ బియ్యం గాలించడం చూశారుగా, తేలికైన బియ్యం నీళ్లతో జారిపోతాయి, రాళ్లు గిన్నెలో మిగులుతాయి. అల కూడా అలాగే గాలిస్తుంది. తేలికైన క్వార్ట్జ్‌ని లాక్కుపోయి ఇల్మెనైట్ అనే నల్ల ఖనిజం, గార్నెట్ లాంటి బరువు గింజల్ని ఒడ్డున వదిలేస్తుంది. ఇంట్లో పళ్లెంలో చేసి చూడండి, నాలుగోసారికి చెయ్యి తిరుగుతుంది. పాడైన స్పీకర్లోని అయస్కాంతానికి పాలిథిన్ కవరు చుట్టి నల్ల ఇసుక మీద తిప్పండి. ముందు ఎగిరి అతుక్కునేది మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం. ఇల్మెనైట్ కదలాలంటే ఇంకా బలమైన అయస్కాంతం కావాలి. కవరు చుట్టకపోతే ఆ గింజల్ని గోటితో గీకుతూ కూర్చోవాలి, తర్వాత చెప్పలేదనకండి. సముద్రపు ఇసుకలో రెండు చుక్కల వెనిగర్ వేస్తే, గవ్వముక్కలుంటే బుడగలొస్తాయి. ఏటి ఇసుక ఉలకదు, పలకదు.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఒక్కో గుంటలో నూరు దాకా ఉంటాయి, పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. అవి ఆడవవుతాయో మగవవుతాయో తేల్చేది ఆ ఇసుక వేడే. బాగా వేడెక్కితే ఆడవి. అందుకే అలలు చేరని పై ఇసుకలో తవ్వనివ్వకండి, చీకటి పడ్డాక టార్చి వెయ్యనివ్వకండి. ఊదారంగు పూల తీగనీ, రావణాసురుడి మీసాల గడ్డినీ పీకనివ్వకండి, దిబ్బను పట్టి ఉంచేవి అవే.

ఈ పరీక్షలన్నీ అయ్యాక మిగిలిన ఇసుకని పారబోయకండి. చీటీ చూసి నాగావళిది నాగావళిలోనే, కళింగపట్నంది కళింగపట్నంలోనే పోసి రండి. మా దగ్గర ఆ పనికి ప్రతి ఏడూ ఇద్దరు పిల్లలు పోటీపడి తగాదా పడతారు, బస్సు ఛార్జీలు నా జేబులోంచే.