డిజిటల్ టీవీ పాఠాలు – 4: బాక్స్ మెనూలో ఆ అంకెలు

పోయిన పాఠంలో డీవీబీ (డిజిటల్ టీవీ ప్రసార ప్రమాణాల) కుటుంబాన్ని చూశాం: కేబుల్‌కి సీ, ఇంటి యాంటెన్నాకి టీ, డిష్‌కి ఎస్. ఈసారి ఎస్ సంగతే. బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం వైపు ఉండే మనవాళ్లలో డీడీ ఫ్రీ డిష్ (దూరదర్శన్ ఉచిత డిష్ సర్వీస్) పెట్టుకుని యాదగిరి, సప్తగిరి చూసేవాళ్లు ఈ పాఠాన్ని బాక్స్ ముందు కూర్చుని చదివితే మంచిది.

మెనూలో ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహంలో సిగ్నల్‌ని తిరిగి కిందికి పంపే భాగం) పేజీ తెరవండి. ఇలాంటి వరుస ఒకటి కనిపిస్తుంది: 11090, వి, 29500.

11090 ఫ్రీక్వెన్సీ, మెగాహెర్ట్జ్‌లలో. అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ కేబుల్‌లో దిగిరాదు, దారిలోనే నీరసించిపోతుంది. అందుకే డిష్ ముందున్న ఎల్ఎన్‌బీ (సిగ్నల్ అందుకునే చిన్న డబ్బా) అందులోంచి 9750 తీసేస్తుంది. మిగిలిన 1340 కిందికి వస్తుంది. బాక్స్ తీసుకునేది 950 నుంచి 2150 వరకే. ఎల్ఎన్‌బీ సెట్టింగ్‌లో 9750కి బదులు 10600 ఒక్కటే ఉంటే లెక్క 490 దగ్గర ఆగుతుంది, ఛానల్ రాదు. డిష్ తిప్పి లాభం లేదు.

వి అంటే నిలువు పోలరైజేషన్, అంటే తరంగం ఊగే దిక్కు. బాక్స్ 13 వోల్టులు పంపితే నిలువు, 18 పంపితే అడ్డం.

అసలు కథ 29500లో ఉంది. సెకనుకి 2 కోట్ల 95 లక్షల సింబళ్లు (బిట్లను మోసే సిగ్నల్ ముక్కలు) వస్తున్నాయన్నమాట. క్యూపీఎస్‌కే అనే పద్ధతిలో ఒక్కో సింబల్ 2 బిట్లు మోస్తుంది, అంటే 59 మెగాబిట్లు. ఎఫ్ఈసీ 3/4 అనుకుందాం: ప్రతి నాలుగు బిట్లలో ఒకటి తప్పులు దిద్దడానికే పోతుంది. మిగిలేది 44.25. ఆ మీద రీడ్-సాలమన్ అనే రెండో కాపలా ఉంది. అది 204 బైట్లలో 188 మాత్రమే మనకి వదులుతుంది. చివరికి చేతికొచ్చేది దాదాపు 40.8 మెగాబిట్లు. దీన్ని 20 ఛానళ్లు పంచుకుంటే తలా రెండు!

క్రికెట్‌లో బంతి బౌండరీకి పరిగెత్తేటప్పుడు గడ్డి గళ్లుగళ్లుగా మారడానికి చాలాసార్లు కారణం ఈ పంపకమే. వానలో వచ్చే గళ్లు వేరు. అప్పుడు సిగ్నల్ బలహీనపడి, ఎఫ్ఈసీ దిద్దలేనన్ని తప్పులు వస్తాయి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ మందు ఒకటి కాదు. మొదటిదానికి మన ఇంట్లో మందే లేదు.

డిష్ సరిచేసేటప్పుడు స్ట్రెంగ్త్ బార్‌ని నమ్మకండి. అది రొదని (నాయిస్‌ని) కూడా కలుపుకుని చూపిస్తుంది. "సిగ్నల్ ఫుల్లుగా ఉంది సార్, ప్రాబ్లం మీ టీవీలోనే" అనే మాట ఎక్కువగా ఈ బార్ చూసే వస్తుంది. మీరు క్వాలిటీ బార్ చూడండి. ఫ్రీ డిష్ ఛానళ్లను మోసే జీశాట్-15 ఉన్నది 93.5 డిగ్రీల తూర్పున. బెంగళూరు మేడ మీద నిలబడితే అది ఆగ్నేయ దిక్కున, దాదాపు 66 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. డిష్ అంత పైకి చూస్తున్నట్టు అనిపించదు, ఆఫ్‌సెట్ డిష్ (ఎల్ఎన్‌బీ మధ్యలో కాకుండా కిందికి ఉండే డిష్) తీరే అంత. కంగారుపడి పైకి వంచకండి.

అభ్యాసం: మీ మెనూలో మరో మూడు వరుసలు తీసుకుని ఒక్కోదాంట్లోంచి 9750 తీసెయ్యండి, చేతికొచ్చే మెగాబిట్లు కూడా లెక్కగట్టండి. ఎక్కడైనా 8పీఎస్‌కే అని కనిపిస్తే సింబల్‌కి 3 బిట్లు. అది డీవీబీ-ఎస్2 (ఎస్ తర్వాతి తరం) కాబట్టి రీడ్-సాలమన్ లెక్క అక్కడ పనిచేయదు. పాత ఎస్ బాక్స్‌లో ఆ ఛానళ్లు ఎందుకు రావో వచ్చే పాఠంలో.