గేమింగ్ లాప్‌టాప్ వేడి – మూడో పాఠం: ముందు వాట్లు తగ్గించండి

మొదటి పాఠంలో కొలవడం నేర్చుకున్నాం. రెండో పాఠంలో లాప్‌టాప్‌ను పరుపు మీద నుంచి బల్ల మీదకు తెచ్చి, వెనక భాగం కాస్త ఎత్తి పెట్టి, గాలి లోపలికి వెళ్లే దారి తెరిచాం. ఇంత చేసినా గేమ్ మొదలైన పది నిమిషాలకే ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపిస్తుంటే ఈ పాఠం మీకోసమే.

ఈ దశలో చాలామంది చేసేది ఒకటే. స్క్రూడ్రైవర్ పట్టుకుని వెనక మూత విప్పడం, లేకపోతే విశాఖ ద్వారకానగర్ వెళ్లి కూలింగ్ ప్యాడ్ కొనుక్కురావడం. రెండూ ఇప్పుడే వద్దు. ప్రాసెసర్ తాగే కరెంటు అంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. అరవై వాట్లు లోపలికి వెళ్తే అరవై వాట్ల వేడి బయటికి రావాల్సిందే. అందుకని ముందు చూడాల్సింది ఆ అరవై నిజంగా అవసరమా అని. గేమ్ ఆడేటప్పుడు చాలాసార్లు అవసరం ఉండదు. ఈ పాఠంలో పనంతా సాఫ్ట్‌వేర్‌తోనే. పైసా ఖర్చు లేదు, నచ్చకపోతే ఐదు నిమిషాల్లో వెనక్కి మార్చుకోవచ్చు.

విశాఖలో గది లెక్క వేరు

ఏ ఫ్యానూ ప్రాసెసర్‌ను గది గాలి కంటే చల్లగా చేయలేదు. గదిలో 24 డిగ్రీలుంటే ఆ 24 మీద పెరుగుతుంది, 34 ఉంటే 34 మీద పెరుగుతుంది. మే నెలలో గాజువాకలోనో మద్దిలపాలెంలోనో డాబా ఇంటి పై అంతస్తులో ఉండేవాళ్లకు ఈ విషయం వేరే చెప్పక్కర్లేదు. పగలంతా కాగిన శ్లాబు రాత్రి పదింటికి కూడా వేడి దించుతూనే ఉంటుంది. ఫోన్‌లో వాతావరణం యాప్ 29 అంటుంది, గదిలో చూస్తే 33 ఉంటుంది. అందుకే గదిలో చిన్న థర్మామీటర్ ఒకటి పెట్టుకోమని మొదటి పాఠంలో అన్నాను. ఇంకా పెట్టకపోతే ఇవాళ పెట్టండి, ఈ పాఠం చివర లెక్కకు అది కావాలి.

ఉక్కపోత గురించి ఒక అపోహ ఉంది. మనకు ఉక్క ఎందుకంటే గాలిలో తేమ ఎక్కువై చెమట ఆరదు. లాప్‌టాప్‌కు చెమట పట్టదు కాబట్టి తేమ వల్ల అప్పటికప్పుడు దాని వేడి పెరగదు, గాలి ఎంత వేడిగా ఉందన్నదే ముఖ్యం. తేమ చేసే నష్టం నెమ్మదిగా జరుగుతుంది. ఫ్యాన్ ఎదురుగా ఉండే సన్నటి రేకుల మధ్య దుమ్ము చేరుతుంది. మన ఊళ్లో తేమకు, సముద్రపు ఉప్పుకు ఆ దుమ్ము ముద్దకట్టి అతుక్కుపోతుంది. పోర్టు దగ్గర వన్‌టౌన్‌లో ఉండేవాళ్ల కిటికీ చువ్వల మీద రోజూ పేరుకునే నల్లటి పొడి లాప్‌టాప్‌లోకీ వెళ్తుంది. చల్లగాలి వస్తుందని సముద్రం వైపు కిటికీ పక్కనే పెట్టి ఆడొద్దని చెప్పేది ఇందుకే. ఆ దుమ్ము సంగతి నాలుగో పాఠంలో చూద్దాం.

అంత కరెంటు ఎక్కడికి పోతోంది

ఉదాహరణకు ఇంటెల్ కోర్ ఐ7-12700హెచ్ తీసుకోండి. ఇది 45 వాట్ల ప్రాసెసర్. కానీ టర్బోలో, అంటే అవసరమైనప్పుడు తనంతట తాను వేగం పెంచుకునేటప్పుడు, 115 వాట్ల దాకా తాగడానికి దానికి అనుమతి ఉంది. అసలు వేగం 2.3 గిగాహెర్ట్జ్, టర్బోలో 4.7 దాకా వెళ్తుంది. పైకి వెళ్లే కొద్దీ వేగానికి వోల్టేజీ కూడా పెంచాలి. కరెంటు ఖర్చు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీతో అయితే వర్గం లెక్కన పెరుగుతుంది. దీన్ని వెనక నుంచి చూడండి. వేగం పది శాతం, వోల్టేజీ పది శాతం తగ్గిస్తే 0.9ని మూడుసార్లు హెచ్చవేయాలి, 0.73 వస్తుంది. అంటే పది శాతం వేగం వదులుకుంటే ఇరవై ఏడు శాతం వేడి తగ్గిందన్నమాట. ఆ చివరి కొద్దిపాటి వేగానికే మనం ఎక్కువ వేడి భరిస్తున్నాం. ఈ పాఠమంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

ఇంకో సంగతి. చాలా గేమింగ్ లాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ చిప్‌కు వేడిని మోసుకెళ్లే రాగి గొట్టాలు ఉమ్మడిగా ఉంటాయి. ప్రాసెసర్ తన వాటా తగ్గించుకుంటే గ్రాఫిక్స్ చిప్‌కు ఊపిరాడుతుంది. అందుకే వాట్లు తగ్గించాక కొన్ని గేముల్లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) తగ్గకపోగా, మధ్యలో ఆగి ఆగి నడవడం పోయి సాఫీగా సాగుతుంది. స్పీడు పోతుందేమో అని టెన్షన్ పడేవాళ్లు ముందు ఒకసారి చేసి చూడండి.

మొదటి మెట్టు: ఫ్రేములకు హద్దు

మీ స్క్రీన్ 144 హెర్ట్జ్ అయితే సెకనుకు 250 ఫ్రేములు తయారుచేసినా అది చూపించేది 144 మాత్రమే. మిగతావాటి కోసం ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ వేడెక్కుతాయి. గేమ్ మెనూలో ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఫ్యాన్లు హోరెత్తుతుంటే చాలావరకు కారణం ఇదే. గేమ్ సెట్టింగ్స్‌లోనే ఫ్రేమ్ రేట్ లిమిట్ ఉంటే అక్కడ పెట్టండి. లేకపోతే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మేనేజ్ త్రీడీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మాక్స్ ఫ్రేమ్ రేట్ దగ్గర 120 ఇవ్వండి. కథ నడిపే గేములకు 60 కూడా చాలు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి పోటీగా ఆడేవాళ్లు ఎక్కువ ఎఫ్‌పీఎస్ కావాలంటారు, అది న్యాయమే. వాళ్లు ఈ మెట్టు వదిలి కిందివి చేయవచ్చు.

రెండో మెట్టు: కంపెనీ ఇచ్చిన మోడ్

లెనోవోలో ఎఫ్ఎన్, క్యూ కలిపి నొక్కితే మోడ్ మారుతుంది. అసుస్‌లో ఆర్మరీ క్రేట్, ఏసర్‌లో నైట్రోసెన్స్ లేదా ప్రెడేటర్‌సెన్స్, హెచ్‌పీలో ఒమెన్ గేమింగ్ హబ్ ఈ పని చేస్తాయి. పర్ఫార్మెన్స్ నుంచి బ్యాలెన్స్‌డ్‌కు మార్చి, అదే గేమ్ అదే మ్యాప్‌లో ఇరవై నిమిషాలు ఆడి, వేడి, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాములో సీపీయూ ప్యాకేజ్ పవర్ (ప్రాసెసర్ తాగే వాట్లు) ఎంతుందో చూడండి. చాలామందికి పని ఇక్కడే అయిపోతుంది. మోడ్ మారిస్తే ఫ్యాన్ వేగం కూడా తగ్గుతుందని మాత్రం గుర్తుంచుకోండి. వాట్లు బాగా తగ్గినా డిగ్రీలు అంతగా తగ్గకపోతే కారణం అదే కావచ్చు.

మూడో మెట్టు: టర్బో

అందరూ చెప్పే చిట్కా ఇది: మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 99 శాతం చేయడం. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అక్కడ చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, ఆ లోపల అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్. ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద ఆ వరుస కనిపిస్తుంది. ప్లగ్‌డ్ ఇన్ దగ్గర 100 తీసి 99 పెడితే టర్బో ఆగిపోతుంది. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో ఈ వరుస దాచి ఉంచుతారు. కనిపించకపోతే వెతుక్కోవద్దు, నాలుగో మెట్టుకు వెళ్లండి.

చిట్కా పనిచేస్తుంది, నిజమే. కానీ అందరికీ ఇదే చెప్పడం నాకు నచ్చదు. ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 5600హెచ్ అసలు వేగం 3.3, టర్బోలో 4.2. టర్బో తీసేసినా చేతిలో 3.3 మిగులుతుంది, చాలా గేములకు అది సరిపోతుంది. పైన చెప్పిన 12700హెచ్‌కు టర్బో తీస్తే మిగిలేది 2.3. జీటీఏ ఫైవ్‌లో ఊరి నడిబొడ్డుకు రాగానే బండి నత్తనడక నడుస్తుంది. కాబట్టి ముందు మీ ప్రాసెసర్ అసలు వేగం ఎంతో కంపెనీ సైట్లో చూసుకోండి. మూడుకు పైన ఉంటే 99 పెట్టి చూడండి. రెండు చిల్లర అయితే ఈ మెట్టు మీది కాదు.

నాలుగో మెట్టు: వాట్లకు హద్దు

నా దృష్టిలో సరైన దారి ఇది. టర్బో ఉంటుంది, దానికి దొరికే కరెంటుకు మాత్రం హద్దు ఉంటుంది. అవసరమైన ఒకటి రెండు కోర్లు పైకి వెళ్తాయి, అన్నీ కలిసి 90 వాట్లు లాగేయడం మాత్రం కుదరదు.

ఇంటెల్ ప్రాసెసర్లకు థ్రాటిల్‌స్టాప్ వాడదాం. ఉచితమే. అందులో టీపీఎల్ బటన్ నొక్కితే ఒక కిటికీ తెరుచుకుంటుంది. అందులో లాంగ్ పవర్ పీఎల్1 అనే గడి ఎంతసేపైనా నడిచే హద్దు. షార్ట్ పవర్ పీఎల్2 కొద్ది సెకన్లు మాత్రమే దొరికే హద్దు. కంపెనీ పెట్టిన రెండు అంకెలూ ముందు నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ తర్వాత పీఎల్1 దగ్గర 45, పీఎల్2 దగ్గర 60 ఇచ్చి అప్లై నొక్కండి. లాక్ గడిలో టిక్ పెట్టకండి, మిగతావాటి జోలికీ పోకండి.

బయటి కిటికీలో లిమిట్స్ అనే బటన్ కూడా ఉంది, చూడటం అలవాటు చేసుకోండి. అందులో థర్మల్ గడి ఎర్రగా ఉంటే ప్రాసెసర్ ఈ క్షణాన వేడి వల్ల వేగం తగ్గించుకుంటోందని అర్థం. పసుపైతే ఇంతకుముందు ఎప్పుడో తగ్గించుకుందని. క్లియర్ నొక్కి, గేమ్ ఆడి మళ్లీ చూడండి. థర్మల్ వెలగడం మానేసి దాని బదులు పీఎల్1 వెలుగుతుంటే మన పని జరిగినట్టే. ప్రాసెసర్ ఇప్పుడు వేడికి తట్టుకోలేక తగ్గడం లేదు, మనం పెట్టిన హద్దు దగ్గర ఆగుతోంది. ఈ రెంటికీ గేమ్‌లో తేడా స్పష్టంగా తెలుస్తుంది. వేడికి తగ్గేటప్పుడు వేగం ఎగుడుదిగుడుగా పడిపోతుంది, హద్దు దగ్గర ఆగితే నిలకడగా ఉంటుంది.

రైజెన్ వాళ్లకు యూనివర్సల్ ఎక్స్86 ట్యూనింగ్ యుటిలిటీ ఉంది. అసుస్ అయితే జీ-హెల్పర్ ఇంకా సులువు, వాట్ల హద్దు పక్కకు జరిపే గీతగా కనిపిస్తుంది. కొన్ని లాప్‌టాప్‌లలో కంపెనీ తాళం వేసి ఉంచుతుంది, మీరిచ్చిన అంకె నిలవదు. అప్పుడు రెండో మెట్టుతో సరిపెట్టుకోవాలి. వాలరెంట్‌తో వచ్చే వ్యాన్‌గార్డ్ లాంటి మోసాల నిరోధక ప్రోగ్రాములు ఇలాంటి యుటిలిటీల డ్రైవర్లను కొన్నిసార్లు అడ్డుకుంటాయి. అలా జరిగితే వాటితో పోట్లాడొద్దు. యుటిలిటీ తీసేసి విండోస్ సెట్టింగ్స్‌తోనే కానివ్వండి.

అండర్‌వోల్టింగ్, అంటే వేగం అలాగే ఉంచి వోల్టేజీ మాత్రం తగ్గించడం, ఇందులో ఎందుకు లేదంటారా? 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడింది. అప్పటి నుంచి చాలా ఇంటెల్ లాప్‌టాప్‌లలో బయాస్ అప్‌డేట్లతో ఆ సౌకర్యం మూసేశారు. తెరిచి ఉన్న మోడళ్లకు విడిగా ఒక పాఠం పెడతాను.

ఈ వారం లెక్క

గేమ్‌తో కాదు, ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే సినీబెంచ్ ప్రోగ్రాములో మల్టీకోర్ పరీక్ష పది నిమిషాలు నడిపి చేయండి, హద్దు పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి. గ్రాఫిక్స్ చిప్ వేడి కలిస్తే లెక్క చెడుతుంది. ఫ్యాన్లు రెండుసార్లూ ఒకే వేగంలో ఉండాలి. చివరి నిమిషంలో ప్రాసెసర్ డిగ్రీల్లోంచి గది డిగ్రీలు తీసేసి, వచ్చినదాన్ని వాట్లతో భాగించండి.

గది 33, ప్రాసెసర్ 92, పవర్ 62 వాట్లు అనుకోండి. 92లోంచి 33 పోతే 59, దాన్ని 62తో భాగిస్తే 0.95. అంటే ఒక్కో వాటుకు దాదాపు ఒక డిగ్రీ పెరుగుతోంది. అదే మెషీన్‌కు 45 వాట్ల హద్దు పెడితే 45ను 0.95తో హెచ్చవేయాలి, 43 వస్తుంది. దానికి 33 కలిపితే 76. మీటర్‌లోనూ దాదాపు అంతే కనిపించాలి. ఏసీ వేసి గదిని 24కు తెస్తే 67. ఈ 0.95 మీ లాప్‌టాప్ కూలింగ్ గుణకం. వాట్లు మారినా, రుతువు మారినా ఇది పెద్దగా మారకూడదు. మారిందంటే లోపల ఏదో తేడా వచ్చినట్టు. ఇంటెల్ 12700హెచ్ లాంటివి 100 డిగ్రీల దగ్గర తమంతట తామే తగ్గుతాయి. అక్కడ తగులుకుని ఉన్నప్పుడు కాకుండా, దానికి కింద నడిచేటప్పుడే ఈ లెక్క వేయండి.

గది 33 ఉన్నప్పుడు, 35 వాట్లకే ప్రాసెసర్ 94కు చేరిందనుకోండి. 61ని 35తో భాగిస్తే 1.74. ఇలాంటి మెషీన్‌కు ఈ పాఠంలోవి ఏవీ చాలవు. రేకుల్లో దుమ్మో, చిప్ మీద వేడి దాటడానికి పూసే థర్మల్ పేస్టు ఎండిపోవడమో అడ్డం పడుతోంది. మద్దిలపాలెం హాస్టల్ గదుల్లో ఏళ్ల తరబడి మంచం మీద నడిచిన లాప్‌టాప్‌లు ఇలాగే ఉంటాయి.

గుణకం రాసుకుని పక్కన తేదీ, గది డిగ్రీలు వేసుకోండి. నాలుగో పాఠంలో వెనక మూత విప్పుతాం. దానికి సన్న ఫిలిప్స్ స్క్రూడ్రైవర్, మెత్తటి బ్రష్, గాలి కొట్టే డబ్బా సిద్ధం చేసుకోండి. స్క్రూలు ఒక్కోటి ఒక్కో పొడవు ఉంటాయి కాబట్టి ఏది ఎక్కడిదో గుర్తుకు తెల్ల కాగితం, టేపు కూడా ఉంచుకోండి. మీ మోడల్‌లో లిక్విడ్ మెటల్ వాడారేమో ఇప్పుడే కంపెనీ సైట్లో చూడండి. అసుస్ ఆర్ఓజీ లాప్‌టాప్‌లలో కొన్నింటికి అది ఉంటుంది. కరెంటు పారే ద్రవలోహం అది, బోర్డు మీదకు జారితే మెషీన్ పోతుంది. అవి ఉన్నవాళ్లు వచ్చే పాఠంలో ఫ్యాన్లు శుభ్రం చేసే వరకే మాతో రండి, హీట్‌సింక్ (చిప్‌ల మీద బిగించి ఉండే, వేడి లాగే లోహపు భాగం) ఎత్తొద్దు.