కన్సల్టింగ్ ఆఫీసులో కొత్త పద్ధతి నిలబడాలంటే

విశాఖ సిరిపురంలోనో ద్వారకానగర్‌లోనో పదిహేను, ఇరవై మందితో నడిచే పన్నుల కన్సల్టింగ్ ఆఫీసులో ఆలోచనలకు కొదవ ఉండదు. అవి ఆగిపోయేది ఎవరు ఏ పనికి ఎన్ని గంటలు పెట్టారో రాసే టైమ్‌షీట్ దగ్గర. బిల్లు వేయలేని గంటకు గడి లేకపోతే ఆ గంట ఎవరూ పెట్టరు. ముందు టైమ్‌షీట్‌లో ‘ప్రయోగం’ అని ఒక కోడ్ తెరవండి. ఒక సీనియర్‌కీ ఒక ఆర్టికల్‌కీ (సీఏ శిక్షణలో ఉన్నవారికీ) వారానికి నాలుగేసి గంటలు ఇవ్వండి. వాళ్ల బిల్లింగ్ టార్గెట్‌లో ఆ గంటలు తగ్గించండి. అది చేయకపోతే కోడ్ ఖాళీగానే ఉంటుంది.

నెలలో 11న అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1కి గడువు, 14న కొనుగోళ్ల మీది క్రెడిట్ చూపే 2బి వస్తుంది, 20న పన్ను కట్టే 3బికి గడువు. ఆ పది రోజుల్లో కొత్తదేదీ ముట్టుకోవద్దు. సెప్టెంబర్ సరేసరి, ట్యాక్స్ ఆడిట్ల నెల.

‘ఏఐ వాడదాం’ అనేది ప్రయోగం కాదు, సరదా. ‘రొయ్యల ఎగుమతిదారు రిఫండ్ ఫైలుకు పట్టే గంటలు తగ్గించాలి’ అంటే ప్రయోగం. ఎల్‌యూటీ (పన్ను ముందు కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీపత్రం) మీద ఎగుమతి చేసేవారి రిఫండ్ దరఖాస్తు ఆర్‌ఎఫ్‌డీ-01లో స్టేట్‌మెంట్-3కి ఇన్‌వాయిస్, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌లో వేసే ఎగుమతి పత్రం), ఈజీఎం (సరుకు బయల్దేరిందని రవాణా సంస్థ కస్టమ్స్‌కి ఇచ్చే జాబితా) వివరాలు కావాలి. ఇన్‌వాయిస్ క్లయింటు అకౌంట్స్ నుంచి, షిప్పింగ్ బిల్లు కస్టమ్స్ బ్రోకర్ నుంచి వస్తాయి. చేత్తో ఎక్కించేటప్పుడు అంకె తప్పితే డెఫిషియన్సీ మెమో (లోపాలున్నాయని అధికారి ఇచ్చే నోటీసు), మళ్లీ కొత్త దరఖాస్తు. అందుకే బ్రోకర్‌కీ క్లయింటుకీ ఒకే ఎక్సెల్ నమూనా పంపి, షిప్పింగ్ బిల్లు నంబరుతో రెండిటినీ కలిపే పద్ధతి పెట్టి చూడండి.

మొదలుపెట్టకముందే గత మూడు ఫైళ్లకు పట్టిన గంటలు రాసుకోండి. ఈ పని దాదాపు అందరూ మర్చిపోతారు, చివరికి ‘బాగానే ఉందండీ’ అన్న మాటే మిగులుతుంది. రెండు ఫైళ్లు పాత, కొత్త పద్ధతుల్లో పక్కపక్కనే చేయండి, మూడోది కొత్తగా మాత్రమే. మొత్తం ఆరు వారాలు. మూడో వంతు గంటలైనా తగ్గకపోతే ఆపేస్తామని ముందే కాగితం మీద పెట్టి, ఒక్క పార్ట్‌నర్ సంతకం చేయాలి. ఇద్దరు చేస్తే ఎవరూ ఆపరు.

క్లయింటు డేటా ఉచిత ఏఐ టూల్‌లో పెట్టనివ్వకండి. జీఎస్టీఐఎన్ (జీఎస్టీ నమోదు సంఖ్య), పేర్లు తీసేసినా ఇన్‌వాయిస్ నంబర్లు గుట్టు విప్పేస్తాయి.

ఫీజు గంటల లెక్కన ఉంటే పని తొందరగా అయినకొద్దీ మీ ఆదాయమే పడిపోతుంది. ప్రయోగం మొదలయ్యే ముందే ఆ క్లయింటుతో ఫైలుకింత అని మాట్లాడుకోండి.