పొద్దున డిశ్చార్జ్ అన్నారు, సాయంత్రమైనా బిల్లు రాలేదు: చెన్నై ఆసుపత్రుల వార్డ్ సెక్రటరీలకు సమస్య - పరిష్కారం

సమస్య: రౌండ్స్‌లో పెద్ద డాక్టర్ "ఇంక ఇంటికెళ్ళొచ్చు" అనేసి వెళ్ళారు. నెల్లూరు నుంచి వచ్చినవాళ్ళు బ్యాగులు సర్దేసి, మధ్యాహ్నం పినాకినికి టికెట్ కూడా తీసేసుకుని, పావుగంటకోసారి మీ కౌంటర్ దగ్గరికొచ్చి "ఏమ్మా, ఇంకెంతసేపు?" అంటున్నారు.

కారణం: అందరూ బిల్లింగ్ వాళ్ళని తిడతారు గానీ, చాలాసార్లు ఫైలు అసలు వార్డే దాటి ఉండదు. డిశ్చార్జ్ సమ్మరీ డ్యూటీ డాక్టర్ రాసేశారు, సంతకం పెట్టాల్సిన కన్సల్టెంట్ ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లోకి వెళ్ళిపోయారు. లేదంటే వాడని ఇంజెక్షన్లు, సెలైన్లు ఇంకా ట్రేలోనే ఉన్నాయి, ఫార్మసీకి రిటర్న్ ఎక్కలేదు కాబట్టి బిల్లు క్లోజ్ కాదు. ఇంకోటి, రాత్రి రాసిన స్కాన్ పొద్దున వద్దన్నారు, కానీ సిస్టమ్‌లో ఆ ఆర్డర్‌ని ఎవరూ క్యాన్సిల్ చేయలేదు.

పరిష్కారం: ముందురోజు సాయంత్రమే సిస్టర్‌ని "రేపు ఎవరెవరు వెళ్ళేలా ఉన్నారక్కా?" అని అడిగి ఆ సమ్మరీలు డ్రాఫ్ట్ చేయించండి, ఓటీకి వెళ్ళకముందే సంతకం పట్టుకోండి, రిటర్న్స్ పొద్దున్నే పంపించేయండి. పేషెంట్ తరఫువాళ్ళకి "అరగంటలో అయిపోతుంది" అని మాత్రం చెప్పకండి, అది కాదని మీకూ తెలుసు. "సంతకం అయింది, ఇప్పుడు ఫార్మసీలో ఉంది, మీరు సాయంత్రం బండి చూసుకోండి" అంటే కోపం వచ్చినా నమ్ముతారు.

ఇన్సూరెన్స్ కేసైతే ఇంకో సంగతి. 2024 మేలో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ ముందస్తు అనుమతి 1 గంటలో, డిశ్చార్జ్ అప్రూవల్ 3 గంటల్లో రావాలి. కానీ ఆ 3 గంటలు మొదలయ్యేది డాక్టర్ నోటిమాటతో కాదు, ఆసుపత్రి నుంచి రిక్వెస్ట్ అందాకే. ఎన్నింటికి పంపారో టీపీఏ డెస్క్‌ని (ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ పనులు చూసే కౌంటర్) అడిగి రాసి పెట్టుకోండి, ఆలస్యమైతే మాట్లాడటానికి మీ చేతిలో ఉండేది అదొక్కటే.

సమస్య: అంతా పంపాక "పేరు సరిపోలేదు" అని ఇన్సూరెన్స్ వాళ్ళ నుంచి క్వెరీ వచ్చింది.

ఇది మన తెలుగువాళ్ళకి ఇక్కడ ప్రత్యేకంగా తగులుకునే తలనొప్పి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంటుంది: వేమూరి వెంకట సుబ్బమ్మ. అడ్మిషన్ కౌంటర్‌లో "ఇనీషియల్ ఏంటి?" అని అడుగుతారు, ఎందుకంటే తమిళనాడులో ఇనీషియల్ అంటే తండ్రి పేరో భర్త పేరో, ఇంటిపేరు కాదు. కంగారులో ఉన్న కొడుకు ఏదో ఒకటి చెప్తాడు, రికార్డులో "సుబ్బమ్మ ఆర్" అని పడుతుంది, ఆ ఆర్ నాయన పేరు రామయ్యది. పాలసీలో మాత్రం పూర్తి పేరు. చేరిన రోజే ఆధార్, పాలసీ కార్డు, చేతి బ్యాండ్ మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే రిజిస్ట్రేషన్‌లోనే మార్పించండి, సమ్మరీ ప్రింట్ అయ్యాక పెన్నుతో దిద్దితే ఇంకో క్వెరీ వస్తుంది.

ఒకే వార్డులో ఇద్దరు వెంకటమ్మలు పడ్డారా? బెడ్ నంబరు చూసి పెట్టేస్తే రిపోర్టు మారిపోవచ్చు, బెడ్లు మారుతుంటాయి కదా. పూర్తి పేరు, యూహెచ్‌ఐడీ (ఆసుపత్రి ఒక్కో పేషెంట్‌కి ఇచ్చే నంబరు) రెండూ చూశాకే ఫైల్లో పెట్టండి.

ఇక ఫోన్. "డాక్టర్ గారు మందు డోసు మార్చమన్నారు, రాసుకోండి" అని అవతలి నుంచి అంటే, ఎంత తొందరలో ఉన్నా రాసుకోకండి. "ఒక్క నిమిషం సార్, సిస్టర్‌కి ఇస్తున్నా" అని రిసీవర్ సిస్టర్ చేతికిచ్చేయండి, విని, తిరిగి చదివి వినిపించి రాసుకోవాల్సింది ఆవిడే. బంధువులు ఫోన్ చేసి రిపోర్టులో ఏముందని అడిగినా అంతే, "డాక్టర్ గారే చెప్తారండీ" అనేసి రౌండ్స్ టైము చెప్పి పెట్టేయండి.