దేవమాలి మీద పప్పన్నం

మాది రాయగడ. మొదటిసారి ఒడిశాలోని దేవమాలి కొండ ఎక్కినప్పుడు తీసుకెళ్లిన ఫ్రీజ్ డ్రై బిర్యానీ (గడ్డకట్టించి తేమ తీసేసిన ప్యాకెట్ తిండి, వేడినీళ్లు పోసుకుని తినాలి) నోట పెట్టలేకపోయాం. మెతుకులు పలుకుగా, ముక్కలు మధ్యలో ఎండుగానే ఉన్నాయి. లోపం నానబెట్టడంలో ఉందని తర్వాత తెలిసింది. 1,672 మీటర్ల ఎత్తులో నీళ్లు సుమారు 95 డిగ్రీలకే మరుగుతాయి. పైగా చలిగాలికి ప్యాకెట్ త్వరగా చల్లారిపోతుంది.

ఈసారి మరిగే నీళ్లు పోసి, అడుగుదాకా కలిపి, మూతి బిగించి, తువ్వాలులో చుట్టి, ప్యాకెట్ మీద రాసిన 10 నిమిషాలకు బదులు 20 నిమిషాలు ఉంచాను. అన్నం మెత్తగా విచ్చుకుంది!

పెద్ద ముక్కల కూరలు మానేసి ఉప్మా, పప్పన్నం, కిచిడీ కొంటున్నాను. ఎక్కువ తెప్పించే ముందు ఒకటి ఇంట్లో తిని చూస్తాను. అమ్మ కట్టిచ్చే నువ్వుల పొడి, చిన్న సీసాలో నెయ్యి తప్పనిసరి. ఆ చలిలో వేడి పప్పన్నం మీద నెయ్యి కరుగుతుంటే ప్రాణం లేచొచ్చింది.